లారీ వేడెక్కినప్పుడు మొదట నిలుపవలెను
(ఒంటిమిట్టలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప శ్రీరామనవమి ఉత్సవములు ప్రభుత్వ లాంఛనములతో మీ ఒంటిమిట్టలో జరుగుచున్నవి. కోదండరామస్వామి కల్యాణమునకు వేలాదిగా జనులు తరలివచ్చుదురు. అవి చైత్రమాసపు ఎండలు. బోర్లలో నీరడుగంటు దినములు. అట్టి వేళ జనమునకును, చుట్టుప్రక్కల పల్లెలకును ట్యాంకరు లారీయే దిక్కగుచున్నది. కావున లారీ యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట పంచాయతీ పనికి సంబంధింపని విషయమని మీరు తలపరని మా నమ్మకము.

ముందుగా మేము కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట ఒక వేసవిలో మేము రాజంపేట నుండి కడపకు వచ్చుచుంటిమి. నందలూరు దాటిన పిదప బాటప్రక్కన నీళ్ల ట్యాంకరు ఒకటి నిలిచియుండెను. దాని ముందు భాగమునుండి ఆవిరి లేచుచుండెను. క్లీనరు కుర్రవాడు కాలిన చేతిని పట్టుకొని వేపచెట్టు క్రింద కూర్చుండెను. డ్రైవరును అడుగగా జరిగినదంతయు చెప్పెను.

టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాక ఎక్కినదట. బండి నిలుపదలచి అతడు పంచాయతీ పెద్ద యొకరికి ఫోను చేసెనట. "జనం కాచుకోనుండారు, ఈ ఒక్క ట్రిప్పు ఏసి నిలుపప్పా" అని అటునుండి మాట వచ్చినదట. ఇంతలో ముల్లు తనంతట తానే క్రిందికి దిగెను. గండము గడిచినదనుకొని అతడు మరి మూడు కిలోమీటర్లు నడిపెను. అంతట యంత్రము టకటక కొట్టుకొని ఆగిపోయెను. కంగారులో క్లీనరు రేడియేటరు మూత తిప్పగా, మరుగునీరు ఎగజిమ్మి చేయి కాలెను.

తరువాత మెకానిక్కు చూచి చెప్పిన కారణమేమి? ఒక రబ్బరు గొట్టమునకు బిగించిన క్లిప్పు వదులైనది. ఆ క్లిప్పు వెల పదుల రూపాయలలోనిది. పగిలిన సిలిండరు హెడ్డునకు అయిన ఖర్చు వేల రూపాయలలోనిది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి గలదు. ట్యాంకరు షెడ్డులో నున్నన్ని దినములు ఆ పల్లె స్త్రీలు బిందెలతో పొలముల బావులకు నడిచిరి. ఒక్క ట్రిప్పు మిగుల్చుకొనబోయి పంచాయతీ మూడు వారముల ట్రిప్పులు పోగొట్టుకొనినది.

ఇందు తప్పెవరిది? ఫోనులో మాట చెప్పిన పెద్దమనిషి చెడ్డవాడు కాడు. జనుల దాహమే అతనిచేత ఆ మాట పలికించినది. డ్రైవరునకు నిలుపవలెనని తెలిసియే యున్నది. మాట పడవలసివచ్చునని జంకెను. యంత్రము సంగతి తెలిసియుండినచో ఆ పెద్దమనిషి ఆ మాట అనియుండడు. అందుకే ఆ సంగతి మీకు తెలుపుచున్నాము.

ఇంజనులో మండు డీజిలు వేడిమిలో కొంత మాత్రమే బండిని లాగును. కొంత పొగగొట్టము ద్వారా పోవును. తక్కినదానిలో చాల భాగమును ఇంజను చుట్టు తిరుగు కూలెంటు నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి విడుచును. ఆ నీటిని త్రిప్పునది వాటరు పంపు. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపియుంచును. బయట 100 డిగ్రీలకు మరుగు నీరు, ఆ ఒత్తిడిలో 120 డిగ్రీలకు దగ్గరగా వచ్చునంతవరకు మరుగదు. వేడిగానున్నప్పుడు మూత తిప్పినచో ఒత్తిడి ఒక్కసారి తగ్గి, ఆ నీరు క్షణములో మరిగి ఆవిరితో కూడ ముఖముపైకి చిమ్మును. ఆ కుర్రవాని చేయి కాలినది ఇందువలననే.

మరి ముల్లు ఏల దిగినది? వేడిని కొలుచు పరికరము నీటిలో మునిగియున్నప్పుడే సరిగా చెప్పగలదు. నీరు కారిపోయి, దాని చుట్టు గాలియు ఆవిరియు మిగిలినప్పుడు అది తప్పు లెక్క చూపును. కావున ఎక్కిన ముల్లు హఠాత్తుగా దిగినచో అది శుభసూచకము కాదు. నీరు పూర్తిగా పోయినదనుటకు గుర్తు కావచ్చును.

ఇక కారుటను కనిపెట్టు విధము. బండిని బాట విడిచి నిలిపి ఇంజను ఆపవలెను. అరగంటకు తక్కువ కాకుండ, ఎండ వేళలయందు ఇంకను ఎక్కువసేపు, చల్లారనీయవలెను. పై గొట్టము మెత్తబడి, చేతితో తాకుటకు వీలైన పిదప మూతపై మందపు గుడ్డ వేసి మెల్లగా తిప్పవలెను. మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: నీరు తగ్గినదా, లేదా?

తగ్గినచో తడి యెక్కడనున్నదో చూడవలెను. గాలికి నీరు వెనుకకు చిందును గనుక క్రింద చుక్కపడు చోటును నమ్మరాదు. తడిసిన చోట్లలో అన్నిటికంటె పైనున్నదే మూలము. గొట్టముల అతుకులు, క్లిప్పులు, రేడియేటరు అంచులు చూడవలెను. వాటరు పంపు ఇరుసు క్రింద చిన్న రంధ్రముండును; అచ్చటినుండి నీరు కారినచో పంపు సీలు అరిగినదని తెలియవలెను. ఎండిపోయిన తెల్లని లేక పచ్చని చారలు పాత కారుటకు సాక్ష్యములు.

బయట తడి లేదు, నీరు మాత్రము తగ్గినది అన్నచో ఆయిలు పుల్ల తీసి చూడవలెను. ఆయిలు మజ్జిగవలె తెల్లబడినను, పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి విడువక వచ్చినను, రేడియేటరులో బుడగలు లేచినను హెడ్డు గ్యాస్కెట్టు పోయియుండును. అట్టి బండిని నడుపరాదు, లాగించుకొని పోవలెను. కొన్ని కారుటలు ఒత్తిడిలో తప్ప బయటపడవు. వానికి మెకానిక్కు చేతిపంపుతో రేడియేటరులో గాలి ఎక్కించి ఒత్తిడి నిలుచునో లేదో చూచును.

నీరు నిండుగనే యుండి వేడెక్కినచో కారణము వేరు. ఫ్యాను బెల్టు వదులు కావచ్చును. థర్మోస్టాటు మూసికొనిపోయి యుండవచ్చును. లేదా రేడియేటరు సందులలో దుమ్ము పేరుకొనియుండవచ్చును. మంగంపేట ముగ్గురాయి లారీలు తిరుగు మన బాటలలో ఈ చివరి కారణమును మరువరాదు.

కాగిన ఇంజనులో చన్నీరు కుమ్మరింపరాదు, ఇనుము పగులును. మన బోరు నీటిని నిత్యము పోయుటయు మేలు కాదు. నీళ్లు కాచు అండాలో తెల్లని పొర కట్టుట మీరెరుగుదురు. అదే పొర రేడియేటరు సన్నగొట్టములలో కట్టును. కూలెంటును కంపెనీవారి పుస్తకములో చెప్పిన పాళ్లలో కలిపి వాడవలెను. అది తీపిగానుండు విషము. కారినదానిని పళ్లెములో పట్టి, కుక్కలకు, పశువులకు, పిల్లలకు అందకుండ చూడవలెను. ఎవరికైనను చేయి కాలినచో ఇరువది నిమిషములు చల్లని మంచినీటి ధార క్రింద ఉంచి, ఆసుపత్రికి పంపవలెను. సిరా, నూనె పూయరాదు.

పంచాయతీ చేయవలసిన పనులు మూడే. ప్రతి ఉదయము ఇంజను చల్లగానున్నప్పుడు నీటిమట్టము చూచి, ఎంత పోసినది లాగుపుస్తకములో వ్రాయించుడు. దినదినము పోయవలసివచ్చుచున్నదన్నచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. పాతబడిన గొట్టములను, క్లిప్పులను, బెల్టును వేసవికి ముందే మార్పించుడు. మూడవది ముఖ్యము. ముల్లు ఎక్కినప్పుడు బండి నిలిపిన డ్రైవరును ఎవరును ఒక్క మాటయు అనరాదని తీర్మానము చేసి పుస్తకమున వ్రాయుడు. ఆ దినమునకు ఎద్దులబండియో, పొరుగూరి ట్రాక్టరో ముందే మాటలాడి యుంచుకొనుడు.

1863లో జన్మించిన వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి, జనులిచ్చిన కాసులు కూడబెట్టి మీ రామాలయమును బాగుచేయించిన కథ మీకు మేము చెప్పనక్కరలేదు. ఊరి ట్యాంకరు కూడ అట్లు జనుల కాసులతో వచ్చినదే. దానిని నిలుపవలసిన చోట నిలుపుటయు కాపాడుటయే యగును.

సెలవు.