ముందు చెవి, తర్వాతే నోరు

వాక్ చికిత్సలో పట్టా అందుకుంటున్న మీకూ, మిమ్మల్ని ఇంతవాళ్లను చేసిన అమ్మానాన్నలకూ అభినందనలు.

మీలో కొందరిని పార్వతీపురం మన్యానికి పిలవాలని వచ్చాను. గుమ్మలక్ష్మీపురం బడిలో ఒక సవర పిల్లవాడు ‘కోట’ను ‘తోట’ అంటున్నాడనుకోండి. తోటివాళ్లు నవ్వుతారు. కొన్నాళ్లకు వాడు నోరు విప్పడమే మానేస్తాడు. మీ దగ్గరికి వచ్చేది తప్పు అక్షరం కాదు, ఆ మౌనం.

మొదట వాడి చెవి చూడండి. చీము కారే చెవికి క, త ఒకేలా వినిపించవచ్చు. అంగిలి చూడండి. తర్వాత వాళ్లమ్మను అడగండి: ఇంటి భాషలోనూ ఇలాగే అంటాడా? అక్కడా అలాగే అంటుంటే చికిత్స కావాలి. ఇంటి భాషలో చక్కగా పలికి తెలుగులోనే తడబడితే, వాడు రెండో భాష నేర్చుకుంటున్నాడంతే. సవర భాషలో మహాప్రాణాలు లేవు. ‘భూమి’ని ‘బూమి’ అన్నాడని వాడికి రోగం అంటగట్టకండి.

చికిత్స కూడా అందరికీ ఒకటి కాదు. ఒక్క ‘ర’ మాత్రమే పలకని బిడ్డకు నాలుక చోటు అద్దంలో చూపి, ధ్వని నుంచి అక్షరానికి, మాటకు, వాక్యానికి మెట్టుమెట్టుగా నడిపించండి. కంఠ్యాలన్నిటినీ దంత్యాలుగా మార్చే బిడ్డ ముందు కోట, తోట బొమ్మలు పెట్టండి. కోట కావాలనుకుని ‘తోట’ అంటే తోట బొమ్మే ఇవ్వండి. అర్థం మారిపోయిందని వాడికే తెలుస్తుంది. ఒకే మాటను పూటకో తీరుగా పలికే బిడ్డకైతే నీళ్లు, అన్నం, అమ్మ, తమ్ముడి పేరు లాంటి రోజువారీ మాటలు కొన్ని ఎంచుకుని, ఒక్కొక్కటీ ఎప్పుడూ ఒకే తీరుగా వచ్చేలా నిలబెట్టండి. వారానికోసారి మీరు చేయించేదానికన్నా రోజూ పొయ్యి దగ్గర అమ్మమ్మ చేయించే పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. ఆమెకు నేర్పండి, ఆమె భాషలోనే.

వాళ్ల భాషలోనే నేర్పే ఈ దారి మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల నోట సవర నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. గొంతులో చటుక్కున ఆగే సవర ధ్వనులు తెలుగు చెవికి అంత సులువుగా అందవు. కొండజ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. వినికిడి పోయినా ఆ భాషను వదల్లేదు.

మీ చెవులు బాగున్నాయి. కొండెక్కి రండి. దిద్దబోయే ముందు ఆ బిడ్డ మాట పూర్తిగా వినండి.