ఉప్పల్ కూడలిని దాటుట ఎట్లు?



వరంగల్లు రోడ్డును ఇన్నరు రింగు రోడ్డును కలియు ఉప్పల్ కూడలిని కాలినడకను దాటుట, నాచారము వైపునుండి వచ్చు వృద్ధులకు ప్రాణసంకటముగ నుండెడిది. 2023లో అచ్చట పాదచారులకు స్కైవాకు తెరచిరి. అది తగిన ఉపాయమేనా? బ్రిటిషు ఆచార్యుడు స్టువర్ట్ ప్యూ చూపిన పట్టికతో నేను తూచి చూచితిని.

నేలపై దాటుటను ప్రమాణముగ నుంచవలెను. దానికంటె మేలైనచో ధనచిహ్నము, కీడైనచో ఋణచిహ్నము, సమమైనచో సున్న. బండ్ల భయము లేమిచే సొరంగమునకును వంతెనకును ధనమే. ఖర్చున రెంటికిని ఋణమే. వాననీరు నిలుచుటచే సొరంగమునకు మరియొక ఋణము. ఎక్కుడు శ్రమయందు వంతెనకు, లిఫ్టు నడచినచో సున్న, ఆగినచో ఋణము.

ఈ చిహ్నములను గ్రుడ్డిగా కూడుటకు నేనొప్పను. ప్రాణమును ఖర్చును ఒకే తూనికరాయితో తూచరాదు గదా! లిఫ్టు ఆగిననాడు మోకాళ్లనొప్పి గలవాడు మరల బండ్ల నడుమనే దిగును. కావున లిఫ్టు పోషణమను వరుసను నా పట్టికలో అన్నింటికంటె పైన వ్రాసితిని.