తలుపు తీసియున్న ఇల్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



“ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెత ఎల్లరు ఎరిగినదే. భర్తచేత దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు పెద్దలు తరచుగా చెప్పునది ఇదియే. విభీషణుడు గుట్టు చెప్పుటచే లంక చెడెనందురు. కాని అతడు గడప దాటకముందే, సీతను చెరబట్టిననాడే, లంకకు చేటు మూడినది. నేరము చేసినవానిని విడిచి, చెప్పినవారిని నిందించుట ధర్మము కాదు.

ఈ మౌనము మన దేశమునకే పరిమితము కాదు. 1971లో లండను నగరమున చిజిక్ అను పేటలో ఎరిన్ పిజీ అను గృహిణియు, ఆమె చెలులును, స్థానిక పాలకసంఘమునుండి శిథిలమైన ఒక చిన్న ఇంటిని సంపాదించిరి. పసిపిల్లల తల్లులు పగటివేళ కూడి కష్టసుఖములు చెప్పుకొనుటకు ఒక తావు ఉండవలెనని మాత్రమే వారి తలంపు. కొలదికాలములోనే కమిలిన దెబ్బలతో ఒక స్త్రీ వచ్చెను. ఆ వెనుక మరికొందరు బిడ్డలతో వచ్చిరి. ముచ్చటలకై తీసిన తలుపు తలదాచుకొనుటకు దారియైనది.

వచ్చినవారిని పొమ్మనరాదని వారి నియమము. తరువాత లభించిన పెద్ద ఇంటిలో 36 మందికే అనుమతి యుండగా, ఒక తనిఖీలో 75 మంది కనబడిరి. వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానమువరకు పోయి వారికి ప్రతికూలముగనే ముగిసెను. అయినను, ఆ తల్లులును బిడ్డలును మరి ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు ఆ తీర్పులో సమాధానము లేదు. హింసించు భర్తనే ఇల్లు విడువుమని ఆజ్ఞాపించుటకు వీలు కల్పించుచు ఆ దేశమున 1976లో ఒక చట్టము వెలువడెను.

మన దేశమున గృహహింస నిరోధక చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చెను. కొట్టుటయే కాదు, మాటలతో అవమానించుట, ఖర్చునకు సొమ్ము ఈయకుండుట గూడ దాని దృష్టిలో హింసయే. ఇల్లు తన పేర లేకున్నను కాపురమున్న ఇంట నివసించుటకు స్త్రీకి హక్కు కలదు. ఇరుగుపొరుగువారును రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ వ్యాజ్యమును చెల్లదు. 181 అను సంఖ్యకు ఫోను చేసినచో సహాయము లభించును.

అడవిలో విడువబడిన సీతను వాల్మీకి రచ్చకీడ్చి సాక్ష్యములు అడుగలేదు. ఆశ్రమమునకు గొనిపోయి మునిపత్నులకు అప్పగించెను. మొదట నీడ, తరువాతనే తక్కినవి.

గ్రంథాలయమునకు వచ్చిన స్త్రీని ఎందులకు వచ్చితివని ఎవ్వరును అడుగరు. ఆశ్రయకేంద్రము నెలకొల్పుటకు ధనము, భవనము వలయును. తొలిమెట్టునకు మాత్రము ఒక బల్ల, గోడపై ఆ ఫోను సంఖ్య, ఓపికతో వినగల నలుగురు స్త్రీలు చాలును. విన్నమాటను వారు వీధిలో చెప్పరాదు; ఆమె ఉన్న చోటును ఎవ్వరికిని తెలుపరాదు. కాపాడవలసిన గుట్టు అదియే. ఈ ఉత్సవము ముగియులోపుగా ఆ నలుగురును ముందునకు వత్తురుగాక!