సగం నేలలో దిగిన కిటికీ



మాస్టారు మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. ఏ కోటకు తీసుకెళ్లినా రాజు పేరు ఆఖర్న అడిగేవారు. ముందు అడిగేది వేరు: "సున్నం ఎక్కడ కాల్చార్రా? ఈ రాయి ఏ దారిన వచ్చింది?" అప్పట్లో విసుగేసేది. ఇవాళ్టి ఉపన్యాసానికి ఆ ప్రశ్నే విషయమైంది.

మొన్నామధ్య మా మనవడు ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. "తాతయ్యా, చికాగోలో ఈ మేడలు అమెరికావాళ్లు కట్టినవి కావట!" టార్టారియా అనే మహాసామ్రాజ్యం ప్రపంచమంతా గొప్ప గొప్ప భవనాలు కట్టిందట. బురద వరదొకటి వచ్చి దాన్ని ముంచేసిందట. తర్వాతివాళ్లు ఆ భవనాలను తవ్వితీసి, తామే కట్టామని రాసుకున్నారట.

పాత యూరప్ పటాల్లో 'టార్టరీ' అన్న పేరు నిజంగానే ఉంది. సైబీరియా నుంచి మంగోలియా దాకా తమకు సరిగా తెలియని నేలంతటికీ వాళ్లు వేసిన పేరది. దాన్నే చైనా టార్టరీ, స్వతంత్ర టార్టరీ అని ముక్కలుగానూ రాశారు. పటం గీసేవాడి అజ్ఞానానికి పెట్టిన పేరు ఇప్పుడు సామ్రాజ్యమై కూర్చుంది. రష్యాలో ఫొమెంకో అనే గణితవేత్త చరిత్ర కాలక్రమాన్నే తిరగరాయబోయాడు. ఈ కథకు కొంత ముడిసరుకు అక్కడిదే.

వీళ్లు తరచూ చూపించే సాక్ష్యం 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన. చెరువుల చుట్టూ తెల్లని మహాసౌధాలు. రెండేళ్లలో ఇన్ని ఎలా కట్టారు, కడితే ఎందుకు పోగొట్టుకున్నారు అని అడుగుతారు. ప్రశ్నలో తప్పేమీ లేదు, జవాబు కోసం ఆగకపోవడమే తప్పు. ఆ సౌధాల్లో ఎక్కువ భాగం రాతివి కావు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో నార కలిపి, అచ్చుల్లో పోసి, ఇనుము, కొయ్య చట్రాలకు బిగించారు. మన వినాయకచవితి పందిళ్ల ముందు లేచే సెట్టింగులకు పెద్దన్నలన్నమాట. ప్రదర్శన నడిచే ఆర్నెల్లు నిలిస్తే చాలనుకున్నారు. రైల్వే సమ్మె రోజుల్లో, 1894 జులైలో, చాలావాటిని అగ్గి తినేసింది. చిత్రకళా భవనం ఒక్కటి ఇటుకతో కట్టారు, ఎరువు తెచ్చిన చిత్రాలకు నిప్పు భయం ఉండకూడదని. అది మిగిలింది. పైపూత రాలిపోతే రాతి తొడుగు వేశారు. 1933 నుంచి అది సైన్స్ మ్యూజియం.

ప్రదర్శన జరిగిన 1893లోనే, ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో మాట్లాడిన వివేకానందుడు సెప్టెంబరు 11న చికాగో సర్వమత సభలో మాట్లాడాడు. ఆ సభ జరిగింది తెల్ల మేడల్లో కాదు, మిషిగన్ అవెన్యూలో పక్కాగా కట్టిన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో. ఇప్పటికీ ఉంది.

మనమేం తక్కువ తినలేదు. తాజమహల్ శివాలయమని పి.ఎన్. ఓక్ పుస్తకం రాసి, పిటిషన్ కూడా వేస్తే, 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మక్రానా పాలరాయి పంపమని, రాయి కొట్టేవాళ్లను పంపమని రాజా జయసింగ్‌కు షాజహాన్ రాసిన ఫర్మానాలున్నాయి. మాస్టారు అడిగిన రెండో ప్రశ్నకు వాటిలో జవాబుంది. కానీ రాయి కొట్టేవాడి కథ ఎవరికి కావాలి? రహస్యమైతే రుచిగా ఉంటుంది. చేతి పని అంటే చప్పన. ఇంత మేడ మామూలు కూలీ కట్టాడంటే నమ్మకం కుదరదు మనకు. అది అనుమానం కూడా కాదు, చిన్నచూపు.

ఇక సగం నేలలో దిగిన కిటికీలు. బురద వరదకు ఇవే రుజువట. చికాగో చదునైన నేల, మిషిగన్ సరస్సు మట్టానికి కాస్త పైన ఉంది. మురుగు పోయే దారి లేదు. 1854లో కలరా ఊరిని ఊడ్చేసింది. మరుసటేడు చెస్‌బ్రో అనే ఇంజనీరు, మురుగు గొట్టాలను వీధి మీదే పరిచి, పైన మట్టి పోసి వీధులు ఎత్తు చేద్దామన్నాడు. వీధి లేచాక ఇళ్లు గోతిలో పడ్డట్టయ్యాయి. కొందరు ఇళ్లను ఎత్తించుకున్నారు, కొందరు కింది అంతస్తును నేలమాళిగ చేసుకున్నారు. 1889 అగ్నిప్రమాదం తర్వాత సియాటిల్‌లోనూ వీధులు లేపితే ఇదే జరిగింది.

చికాగోలో ఇళ్లు ఎత్తే కాంట్రాక్టర్లలో జార్జ్ పుల్‌మన్ ఒకడు. తర్వాత రైలుపెట్టెలు చేసి కోట్లు గడించాడు. ఇందాకటి సమ్మె మొదలైంది ఆయన కంపెనీలోనే. 1860లో లేక్ స్ట్రీట్‌లో ఒక వరస ఇటుక మేడలను, 320 అడుగుల పొడవున, ఒక్కసారిగా నాలుగున్నర అడుగులకు పైగా లేపారు. కింద ఆరు వేల స్క్రూ జాకీలు, ఆరు వందల మంది మనుషులు. పైన దుకాణాల్లో బేరాలు ఆగలేదు.

మనవడికి ఇదంతా చెప్పాను. వాడు ఫోన్ పక్కన పెట్టి, "మనిషికి పది జాకీలు. ఒకడు ముందు తిప్పి, ఒకడు వెనక తిప్పితే గోడ పగలదా?" అన్నాడు. అందుకే సంజ్ఞ ఇచ్చేవారురా అన్నాను. సంజ్ఞ వినగానే అందరూ తమ తమ జాకీలను కొద్దిగా తిప్పేవారు. మళ్లీ సంజ్ఞ.