పాత జీపుబండి కార్బురేటరు : దోషములు, వాని నివారణము



యుద్ధావసరములకై 1941వ సంవత్సరమున అమెరికాదేశమందు నిర్మాణమారంభమైన విల్లీస్ జీపుబండి, యుద్ధము ముగిసిన 1945వ సంవత్సరముననే సి.జె.-2ఎ అను పేరుతో వ్యవసాయదారుల పనికై విక్రయింపబడినది. దున్నుటకును, బరువులు లాగుటకును, ఇంజనుశక్తిచే ఇతర యంత్రములను త్రిప్పుటకును అది తగినదని నాడు ప్రకటింపబడెను. మన దేశమున మహీంద్రా సంస్థవారు 1940 దశకపు చివర బొంబాయిలో ఈ బండ్ల భాగములను కూర్చి విక్రయింపసాగిరి. నాలుగు చక్రములకును శక్తి నందించు ఈ చిన్నబండ్లు కొన్ని నేటికిని పొలములయందు పనిచేయుచున్నవి. వీనికి ప్రాణస్థానమగు కార్బురేటరును గూర్చి యజమానులు తెలిసికొనవలసిన సంగతులు ఈ ప్రసంగమున వివరింపబడును.

ఒక రైతు మిరపబస్తాలతో సంతకు బయలుదేరెననుకొందము. పడమట మబ్బు క్రమ్మినది. నడిదారిలో బండి రెండుమూడు తడవలు దగ్గి నిలిచిపోయినది. రైతు తొందరపడి కార్బురేటరునకుగల మరలన్నిటిని త్రిప్పెను. బండి కదలలేదు, పూర్వమున్న అమరిక కూడ చెడినది. వాన వచ్చెనేని పంట తడియును, ధర పడును. ఇట్టి నష్టము తొందరపాటువలన కలుగునదేకాని యంత్రదోషమువలన మాత్రము కాదు. కావున దోషమెచ్చటనున్నదో నిర్ణయించుకొనకుండ ఏ మరను ముట్టరాదు. ఇది మొదటి సూత్రము.

కార్బురేటరు చేయు పని

పెట్రోలును గాలితో తగుపాళ్లలో కలిపి ఇంజనున కందించుటయే దీని పని. తూకమున ఒకపాలు పెట్రోలునకు సుమారు పదునైదుపాళ్లు గాలి కావలెను. గాలి హెచ్చినచో ఇంజను బలహీనమై ఎదురుదెబ్బ కొట్టును; పెట్రోలు హెచ్చినచో నల్లపొగ విడుచును. ఈ జీపునందలి కార్టరు డబ్ల్యూ.ఓ. జాతి కార్బురేటరునందు పెట్రోలు తొట్టి, దానిలో తేలుచు మట్టమును నిలుపు ఫ్లోటు, పెట్రోలును విడుచుచు మూయుచునుండు సూదివాల్వు, జెట్టులు, చల్లని ఇంజను కదలుటకై గాలిని తగ్గించు చోకు, పెడలు త్రొక్కినంతనే కొంత పెట్రోలును చిమ్ము చిన్న పంపు ముఖ్యాంగములు.

ముందు నిప్పురవ్వ, పిదప పెట్రోలు

కార్బురేటరుదని తలపబడు దోషము తరచుగా నిప్పురవ్వదై యుండును. ఒక ప్లగ్గు తీగను ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకొని, దాని కొనను ఇంజను తలకు పావు అంగుళము దూరమున నుంచి ఇంజనును త్రిప్పించి చూడవలెను. బలమైన నీలిరవ్వ దూకవలెను. లేనిచో డిస్ట్రిబ్యూటరు పాయింట్లను శుభ్రపరచి, వాని యెడమును అంగుళములో వేయింట 20 పాళ్లుగను, ప్లగ్గుల యెడమును 30 పాళ్లుగను సరిచేయవలెను. ఈ పరీక్ష ముగిసి, తీగను మరల తగిలించిన తరువాతనే పెట్రోలుగొట్టమును విప్పవలెను.

పెట్రోలు పరీక్షకు ఇంజను చల్లారియుండవలెను. తాళమును మూసి, కార్బురేటరు కడ గొట్టము నూడదీసి, దాని కొనను ఒక డబ్బాలో నుంచి ఇంజనును త్రిప్పింపవలెను. పెట్రోలు తెరలుతెరలుగ చిమ్మినచో పంపు మంచిది. రానియెడల టాంకు మూత సడలించి చూడవలెను. మూతయందలి గాలిరంధ్రము మూసికొనిపోయినను పెట్రోలు రాదు. పిమ్మట పంపునకుగల గాజుగిన్నెను విప్పి చూడవలెను. పెట్రోలుకంటె నీరు బరువు గనుక అడుగున చేరి వేరుగా కనబడును. గిన్నెను, జల్లెడను కడిగి మరల బిగించునపుడు గాలి చొరకుండ గాస్కెట్టును సరిగా కూర్చవలెను. అప్పటికిని పెట్రోలు రానిచో పంపు డయాఫ్రము చినిగినదేమో, గొట్టమున పగులున్నదేమో చూడవలెను.

లక్షణములు, వాని కారణములు

1. చల్లని ఇంజను కదలకుండుట: చోకు తీగను లాగినపుడు లోనిరేకు పూర్తిగా మూసికొనుచున్నదా యని చూడవలెను. ఇంజను వేడెక్కిన పిదప అది పూర్తిగా తెరచుకొనవలెను.

2. పెడలు వదలిన తోడనే ఇంజను ఆగుట: చిన్న జెట్టున మలినము చేరుటగాని, కార్బురేటరు అడుగున గాలి చొరబడుటగాని కారణము. అతుకులమీద సబ్బునీరు చిలికినప్పుడు ఇంజను ధ్వని మారినచో అచ్చట గాలి చొరబడుచున్నదని తెలియవలెను. మిశ్రమపు మరను మెల్లగా లోనికి త్రిప్పి, ఆనిన వెంటనే ఆపి, అటుపై ఒకటి మొదలు ఒకటిన్నర చుట్లు వెలికి త్రిప్పవలెను. ఇంజను వేడెక్కిన పిదప నిలకడగా నడచుచోట దానిని నిలుపవలెను. బలిమిని బిగించినచో సూదికొన చెడును.

3. పెడలు త్రొక్కగనే తడబడుట: ఇంజను నాపి, గాలిగొట్టమును తీసి, కార్బురేటరు నోటిలోనికి చూచుచు పెడలు కడ్డీని కదల్పవలెను. సన్నని పెట్రోలుధార చిమ్మవలెను. చిమ్మనిచో చిన్నపంపు తోలు ఎండినదని గాని, దాని వాల్వు అంటుకొన్నదని గాని తెలిసికొనవలెను.

4. బరువు లాగునపుడు బలము చాలకుండుట: చోకును కొంచెము లాగినపుడు నడక మెరుగైనచో పెట్రోలు చాలుటలేదని నిశ్చయము. పెద్ద జెట్టు, ఫ్లోటుమట్టము, పంపు అను మూటిని వరుసగా పరీక్షింపవలెను.

5. నల్లపొగ, పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు: చోకు మూసికొని యుండుట, గాలిశోధకము దుమ్ముతో నిండుట, సూదివాల్వున నలక చిక్కుట, ఫ్లోటున చిల్లిపడుట కారణములు. ఫ్లోటును తీసి, ఆరబెట్టి, నిప్పునకు దూరముగా వేడినీట ముంచినచో చిల్లియున్నచోట బుడగలు వచ్చును. మూతను తలక్రిందులుగ పట్టినపుడు, గాస్కెట్టు లేకుండ, మూతకును ఫ్లోటునకును నడుమ మూడు ఎనిమిదవ వంతుల అంగుళము ఉండవలెను. దుమ్ము లేచు పొలములలో గాలిశోధకపు నూనెను ప్రతిదినము చూచుట మేలు.

6. ఎండలో నడచి నడచి ఆగుట: గొట్టమున పెట్రోలు ఆవిరియగుటచే ఇట్లగును. బండిని నీడన నిలిపి, పంపుమీద తడిగుడ్డ వేసి, చల్లారిన పిదప కదల్పవలెను.

శుభ్రపరచు విధము

కార్బురేటరును విప్పునపుడు భాగములను పళ్లెమున వరుసగా పేర్చవలెను. జెట్టు రంధ్రములలో ఇనుపతీగను దూర్చరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను పాళ్లు మారిపోవును. గాలిపంపుతో ఊదుటయే సరియైన పద్ధతి. గాస్కెట్టులను క్రొత్తవి వేయవలెను.

2023వ సంవత్సరము మొదలు మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు విక్రయింపబడుచున్నది. ఇథనాలు తేమను గ్రహించును. పూర్వపు రబ్బరు గొట్టములను, డయాఫ్రములను చెరచును. కావున పాతబండ్లకు ఇథనాలునకు తట్టుకొను భాగములను వేయించుట యుక్తము. బండిని నెలలకొలది నిలుపునపుడు తొట్టిలోని పెట్రోలును తీసివేయవలెను.

ప్రాణరక్షణము

ఈ ఇంజనునకు కార్బురేటరు క్రిందనే వేడియగు పొగగొట్టపు మానిఫోల్డు కలదు. పొంగిన పెట్రోలు దానిపై పడినచో మంట లేచును. బండి కదలనపుడు సీసాతో కార్బురేటరు నోట పెట్రోలు పోయుచు మరియొకరిచే ఇంజను త్రిప్పించు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఇంజను ఎదురుదెబ్బ కొట్టినచో ఆ మంట పోయువాని చేతిసీసాకే అంటుకొనును. ఈ పని ఎన్నడును చేయరాదు. గొట్టమును నోట పెట్టి పెట్రోలు పీల్చరాదు. బీడీ, లాంతరు దరిచేరరాదు. దగ్గర బకెట్టెడు ఇసుక, తడిగోనె ఉంచుకొనవలెను. పెట్రోలుమంటపై నీరు చల్లినచో మంట ఇంకను వ్యాపించును.

మొదట చెప్పిన రైతు నిప్పురవ్వను, పిమ్మట గాజుగిన్నెను చూచియుండినచో గిన్నె అడుగున చేరిన నీరు కంటబడి, కొద్దిసేపటిలో దారి సాగియుండెడివాడు. రవ్వ, పెట్రోలు, గాలి, కార్బురేటరు: ఈ వరుసను తప్పక పాటించు కృషీవలునికి బండి నడిత్రోవలో చిక్కదు, పంట వానపాలు గాదు.