"ఖాళీగా" గడిచిన రెండేళ్ళు

(కర్నూలులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక నన్ను పరిచయం చేసిన అక్క "బిడ్డ పుట్టాక రెండేళ్ళు ఖాళీగా ఉండి మళ్ళీ సంఘం పనిలోకి వచ్చింది" అన్నారు. ఆమెను తప్పు పట్టడం లేదు. ఎవరడిగినా నేనూ అట్లాగే చెప్పాను. ఈ రోజు ఆ "ఖాళీ" గురించే మాట్లాడతాను.

కడప చుట్టుపక్కల పల్లెలు తిరగడం నా పని. పాప పుట్టినప్పుడు మా అత్తమ్మ సేద్యం వదిలి రాలేకపోయింది. మా అమ్మకు ఆరోగ్యం బాగాలేదు. ఆయన జీతం ఎక్కువ, నాది తక్కువ. ఎవరో ఒకరు పని మానాలి అనుకున్నాం. ఆ ఒకరు ఎవరన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టనే లేదు. ఊరూరా హక్కుల గురించి చెప్పిన నేనూ అడగలేదు.

ముందు సంతోషం సంగతి చెప్తాను. అది దాచిపెట్టి కష్టమే చెప్తే అబద్ధమవుతుంది. ఎండాకాలం తెల్లవారుజామున మా ఇంట్లో నాపరాతి బండలు చల్లగా ఉంటాయి. పాప వాటి మీద బోర్లా పడుకొని చీమల బారును చూసేది. నన్నూ పక్కన పడుకొని చూడమని చీర కొంగు లాగేది. సంగటి ముద్ద వేలితో గిల్లి తాను సగం తిని, సగం నా నోట్లో పెట్టేది. మొదటి అడుగు వేసినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. ఎన్ని జీతాలిచ్చినా ఆ రోజును నేను వదులుకోను.

అదే ఇంట్లో మరో రోజు. పాపకు రెండు రాత్రులుగా జ్వరం. కరెంటు లేదు. రెండు రాత్రులూ నాకు కంటి మీద కునుకు లేదు. మధ్యాహ్నం అన్నం గిన్నె బోర్లించింది. కొట్టాను. అంత చిన్న వీపు మీద నా వేళ్ళ అచ్చులు పడ్డాయి. ఏడ్చి ఏడ్చి నా ఒళ్ళోనే నిద్రపోయింది. కొట్టిన చేతినే పట్టుకొని నిద్రపోయింది. సాయంత్రం ఆయన వచ్చి, "పొద్దంతా ఇంట్లోనే ఉండావు గదా, ఇల్లు ఇట్లుండాదేమి?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట చెడ్డవాళ్ళు మాత్రమే అనేదయితే మనకు ఇన్ని సంఘాలు అక్కరలేదు.

లెక్కలు కూడా చూద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిముషాలు చేస్తే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిముషాలు చేశారు. 2024లో మళ్ళీ చేస్తే మనది 289కి తగ్గింది. మగవాళ్ళదీ 88కి తగ్గింది! పిల్లలనూ ముసలివాళ్ళనూ చూసుకునే పని దీనికి అదనం. అందులో మనవి 137 నిముషాలు, వాళ్ళవి 75.

ఈ పని పేరేమిటి? 2001 జనాభా లెక్కల్లో ఇల్లు చూసుకునే ఆడవాళ్ళను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ కింద రాశారని 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఇంటిచాకిరీకి విలువ కట్టడం ఎందుకు అవసరమో వివరంగా రాశారు. మంచిదే. కానీ మన పనికి వెల కట్టింది ఎప్పుడో గమనించండి. మనం బండి కింద పడి చచ్చిపోయిన తర్వాత!

ఇదంతా నేను ఒక ఊరిలో చెప్తుంటే ఒక కూలి చెల్లెలు నవ్వింది. "అక్కా, ఇంట్లో ఉండి అలిసిపోతివి. మేము ఇంట్లో ఉంటే పస్తే గదా" అంది. ఆమె మాట నాకు చురుక్కుమంది. కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోయే తల్లులు చంటిబిడ్డలను వెంట తీసుకుపోతారు. చేను గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కడతారు. చెట్టు లేని చోట ఎండలోనే. ఊర్లో ఉంటే పెద్దపాపను బడి మాన్పించి చిన్నోని కాడ కూర్చోబెడతారు. అంటే నా రెండేళ్ళ చాకిరీ అక్కడ పదేళ్ళ పిల్ల మీద పడుతోంది.

చట్టాలు లేక కాదు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. అది నెలజీతం వాళ్ళకు. మిరప చేనుకు ఆ లెక్క ఎవరు వేస్తారు? 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి కూలి ఇవ్వాలంది. మీలో ఎందరు అది చూశారు? 1975లో మొదలైన అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక బడి మూడేళ్ళు నిండిన పిల్లలకు. అంతకన్నా చిన్నవాళ్ళకు ఇంటికి సరుకులిస్తారు. సరుకు బిడ్డను ఎత్తుకోదు కదా! తల్లికి చేయి ఖాళీ లేని వయసే అది.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. మూడేళ్ళలోపు పిల్లలకు పల్లెలో, వలస చోట, పనివేళలకు సరిపోయే కేంద్రం కావాలి. అక్కడ పనిచేసే ఆయాకు గౌరవంగా బతికే జీతం కావాలి. లేకపోతే మన భారం ఇంకో ఆడదాని నెత్తిన దించినట్లే. ఇంట్లో తండ్రి "సాయం" చేయడం కాదు, సగం పని తనదనుకోవాలి.

చివరిగా మనల్ని మనమూ అడుగుదాం. రెండేళ్ళలో నేను ఒకే ఒక్కసారి మన సమావేశానికి వచ్చాను. పాప ఏడ్చింది. "కాస్త బయటికి తీసుకుపోమ్మా" అన్నారు. బయట వేపచెట్టు కింద నిలబడి, లోపల ఆడవాళ్ళ హక్కుల మీద జరుగుతున్న చర్చ విన్నాను. మళ్ళీ రాలేదు. ఈసారి నుంచి సభ ఎక్కడ జరిగినా ఒక మూల చాప, నీళ్ళు, వంతులవారీగా ఒక మనిషి ఉండాలి. మొదటి వంతు నాది. రెండో వంతుకు ఎవరు పేరిస్తారో ఇప్పుడే చెప్పండి.