ఎనిమిదవ నిజాము మోటారుబండ్లు



బిలాసపూరు రైల్వే పట్టణము. బెంగాలు నాగపూరు రైల్వే నాటినుండి ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగు కుటుంబములు ఈ మార్గము వెంబడి పనులకై వచ్చి స్థిరపడినవి. 2003లో ఈ పట్టణము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. లోకోషెడ్డు ప్రక్కన పెరిగిన పిల్లవానికి సైతము ఒక సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నడచుచున్న యంత్రమునకు విలువ కలదు. నిలిచిపోయిన యంత్రమునకు తుప్పు మాత్రమే దక్కును. వారసత్వము విషయమునను ఈ మాటయే నిజమా కాదా అని విచారించుటకు, హైదరాబాదు ఎనిమిదవ నిజాము ముకర్రం జా చరిత్రకంటె తగిన ఉదాహరణము లేదు.

ముకర్రం జా 1933 అక్టోబరు 6న ఫ్రాన్సు దేశమున నీసు నగరమునందు జన్మించెను. తండ్రి ఆజం జా ఏడవ నిజాము పెద్దకుమారుడు. తల్లి దుర్రుషెహ్వార్ తుర్కీ కడపటి ఖలీఫా కుమార్తె. డెహ్రాడూనులోను, ఇంగ్లండులోను విద్యాభ్యాసము జరిగెను. 1967 ఫిబ్రవరి 24న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరణింపగా, కుమారుని కాదని మనుమనినే వారసునిగ నిర్ణయించియుండుటచే, అదే సంవత్సరము ఏప్రిలు 6న చౌమహల్లా భవనమునందు ముకర్రం జాకు పట్టాభిషేకము జరిగెను. పట్టాభిషేకమేగాని పరిపాలన లేదు. రాజ్యము 1948లోనే భారతదేశమున విలీనమైనది. 1971లో రాజ్యాంగ సవరణచే బిరుదమును, రాజభరణమును సైతము పోయినవి.

ఆ మనుష్యుని మనస్సు సింహాసనముమీద కాక యంత్రములమీద నుండెను. మోటారు యంత్రమును విప్పి, చేతులకు నూనె పూసికొని, మరల బిగించుటయందు ఆయనకు గల ఆనందము దర్బారులో కూర్చుండుటయందు లేకుండెను. 1970ల యందు ఆస్ట్రేలియా పశ్చిమ భాగమున మర్చిసన్ హౌస్ అను విస్తారమైన గొఱ్ఱెల క్షేత్రమును కొని, అచట బుల్డోజరులు నడపుచు కాలము గడపెను. ఆ వ్యవసాయము నిలువలేదు. అప్పులు పెరిగినవి. పిమ్మట తుర్కీ చేరి, 2023 జనవరి 14న ఇస్తాంబులులో 89 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. భౌతికకాయమును హైదరాబాదునకు తెచ్చి, ప్రభుత్వ లాంఛనములతో మక్కామసీదు ఆవరణమున తండ్రి సమాధి ప్రక్కనే ఖననము చేసిరి. యంత్రములను ప్రేమించి రాజ్యాధికారమును ఎన్నడును చవిచూడని వానికి దొరికినది రాజలాంఛనముల అంత్యక్రియ!

ఆయనకు సంక్రమించిన మోటారుబండ్లలో ప్రసిద్ధమైనది 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పింప నిశ్చయించి, అది చేరకమున్నే 1911 ఆగస్టులో మరణించెను. పసుపుపచ్చని బండి, వెనుక భాగమున సింహాసనమువలె ఎత్తైన ఆసనము. ఊరేగింపులకు తప్ప బయటకు రాకపోవుటచే అది నడచిన దూరము మిక్కిలి స్వల్పము. చిరకాలము మూలబడియున్న ఆ బండి బాగుచేయబడి, నేడు చౌమహల్లాలో ప్రజల కన్నుల యెదుట నిలిచియున్నది.

ఆ బండి ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానములు పెక్కు కలవు. వంశీయులు అది తాతల సొత్తనిరి. తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి చేసి, పన్నులు కట్టి, 1940ల యందు దొరలతోడను, రజాకార్లతోడను పోరాడిన కుటుంబములవారు అది రైతు చెమటయే అందురు. వేఱొక పక్షమువారు 1908 మూసీ వరద తరువాత కట్టబడిన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరులను, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును చూపి, పుచ్చుకొన్నది కొంత తిరిగి యిచ్చిరి గదా అందురు. ఈ రెండు మాటలయందును సత్యము కలదు. ఒకదానిచే రెండవది చెల్లిపోదు. అయినను తాతల పాలనకు శిక్షను గాని సన్మానమును గాని ఏనాడును రాజ్యమేలని మనుమనిపై వేయుట న్యాయము కాదు. ఆయనను తూచవలసినది, చేతికందినదానిని ఆయన ఏమి చేసెనను త్రాసులోనే.

ఆ త్రాసులో తప్పులు స్పష్టముగనే కనబడును. యజమాని దూరదేశమున నుండగా భవనములు పాడుపడినవి, ఆస్తులు చేతులు మారినవి, వ్యాజ్యములు పెరిగినవి. ఏడవ నిజాము ట్రస్టులలో పెట్టిన ఆభరణములలో 173 వస్తువులను, జేకబ్ వజ్రముతో సహా, 1995లో భారత ప్రభుత్వము సుమారు 218 కోట్ల రూపాయలకు కొనెను. అవి రిజర్వు బ్యాంకు భద్రతలో నుంచబడి, అప్పుడప్పుడు ప్రదర్శింపబడినవి.

లండను ధనము కథ మఱియు విచిత్రమైనది. 1948 సెప్టెంబరు 20న, పోలీసుచర్య ముగిసిన మూడు దినములకు, పది లక్షల పౌండ్లకు పైబడిన నిజాము ధనము వెస్టుమినిస్టరు బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు పేరిటికి మార్చబడెను. తన అనుమతి లేదని నిజాము తిరిగి కోరెను. బ్యాంకు ఎవరికిని ఈయక నిలిపివేసెను. ఆ మొత్తము పెరిగి పెరిగి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లైన పిమ్మట, 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు భారతదేశమునకును, ముకర్రం జాకును, ఆయన సోదరునకును అనుకూలముగా తీర్పు చెప్పెను. వంశములోని ఇతరులు తమకును భాగము కలదని వాదించిరి. 2020లో అదియు త్రోసివేయబడెను. డెబ్బదియేండ్లకు పైగా ఆ ధనము ఒక్క ఆకలిని తీర్చలేదు. ఒక్క బడిని కట్టలేదు.

మరణానంతరము జ్యేష్ఠకుమారుడు అజ్మత్ జా తొమ్మిదవ నిజాముగ ప్రకటింపబడెను. వంశీయులలో కొందరు దానిని అంగీకరింపలేదు. చట్టము గుర్తింపని బిరుదమునకై తగవు! బిరుదము వట్టిదే యైనను, దాని వెనుకనున్న భవనములును, భూములును వట్టివి కావు గదా.

మేలును చెప్పవలసియున్నది. చౌమహల్లా పునరుద్ధరణమును మొదటి భార్య ఎస్రా పూనుకొని నడపెను. 2005లో ఆ భవనము ప్రజలకు తెరువబడెను. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించెను. ముకర్రం జా పేరిట విద్యకొఱకు ట్రస్టు నెలకొనెను. ఒకనాడు సామాన్యుడు తొంగిచూడజాలని ప్రాంగణమునందు నేడు బడిపిల్లలు టిక్కెట్టు కొని, పసుపుపచ్చని బండి చుట్టు తిరుగుచున్నారు. తగవుపడిన ఆస్తిలో ప్రజలకు ఉపయోగపడిన భాగమిది.

రైల్వేవారు గర్వముతో స్మరింపదగిన సంగతి యొకటి మిగిలియున్నది. ఆ వంశమువారి పాలనలోనే, 1932 జూనులో, నిజాము రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ఆరంభించెను. ఆ బస్సులే వృద్ధిచెంది, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయై, రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునకు వేరు సంస్థయు నైనవి. ఆ 27 బస్సుల వారసత్వము ఒక్క వంశమునకు చెందినది కాదు. ప్రతి ప్రయాణికుడును దానికి వారసుడే. ఊరేగింపు బండి అద్దాల వెనుక నిలిచినది. జనుల బండి ఇంకను నడచుచున్నది.

సోదరీ సోదరులారా! క్వార్టర్సులో నివసించు ఉద్యోగికి రోల్స్ రాయిస్ లేదు. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, ఊరిలో నాలుగు సెంట్ల స్థలము, ఒక పాత స్కూటరు - ఇంతియే. అయినను సర్వీసు పుస్తకములో నామినేషను సరిచూడక, పిల్లలతో స్పష్టముగ మాటాడక పోయినచో, ఆ నాలుగు సెంట్లకును అన్నదమ్ములు నిజాము మనుమలవలెనే కోర్టు మెట్లెక్కుదురు. కావున జీవించియుండగనే లెక్క చక్కబెట్టుట మొదటి ధర్మము. పదిమందికి పనికివచ్చున దొకటి, అది గ్రంథాలయమునకు ఇచ్చిన పుస్తకము కావచ్చును, బీదపిల్లవానికి నేర్పిన పని కావచ్చును, విడిచిపోవుట రెండవ ధర్మము. మొదటిది ఇంటిలో తగవు లేకుండ చేయును. రెండవది నడచుచునే యుండును.